నాన్న కారు క్యాసెట్లు: పాటకంటే ముందు ఏం కాపాడుకోవాలి

అడిగింది ఇదీ: నాన్నగారు పోయాక అట్టపెట్టెలో నలభై దాకా క్యాసెట్లు దొరికాయి. చిన్నప్పుడు కారులో ఆయన పక్కన కూర్చుని విన్నవే అన్నీ. ఒకటి పాత ప్లేయర్‌లో వేస్తే దుప్పటి కప్పుకుని పాడినట్టు మందంగా వినిపించి, రెండు నిమిషాలకే ఆగిపోయింది. కొన్నింట్లో ఆయన మాటలు కూడా ఉండొచ్చని అనుమానం. వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

ముందుగా, ఆ ప్లేయర్‌లో రెండో క్యాసెట్ పెట్టకండి. ఆగిపోయినదాన్ని పెన్సిలు దూర్చి వెనక్కి తిప్పే పని కూడా ఇప్పుడే వద్దు. క్యాసెట్ ఏ చోట ఆగి ఉందన్నది కూడా సమాచారమే. ఆయన ఆఖరిసారి ఎంతవరకు విని బయటికి తీశారో చెప్పే గుర్తు అదొక్కటే, రివైండ్ చేసిన క్షణాన అది పోతుంది. ప్రతి క్యాసెట్‌నీ కిటికీలో రీళ్లు స్పష్టంగా కనిపించేలా రెండు వైపులా ఫోటో తీయండి. పెట్టెలోని అట్టకాగితాన్ని కూడా ముందూ వెనకా తీయండి. తర్వాత 07-ఏ, 07-బి అన్నట్టు నంబర్లు వేయండి. నంబరు లేబుల్ మీదే మెత్తటి పెన్సిలుతో రాయాలి. కొత్త స్టిక్కర్ అంటిస్తే ఆ మందానికి కొన్ని డెక్‌లలో (ఇంట్లో వాడే క్యాసెట్ ప్లేయర్లలో) క్యాసెట్ సరిగా కూర్చోదు. డెక్‌కి కౌంటర్ ఉంటే ఇంకా తేలిక. ఆగిన చోట 000 చేసి, మొదటిదాకా రివైండ్ చేసి, కౌంటర్ ముట్టుకోకుండా ప్లే చేయండి. మళ్లీ 000 వచ్చిన నిమిషమే ఆ చోటు. ఏ వైపు వింటూ ఆపారో మాత్రం దీన్నిబట్టి తేలదు కాబట్టి సైడ్ ఏలో ఒకటి, సైడ్ బీలో ఒకటి, రెండు చోట్లు రాసుకోవాలి. మీరు ఇప్పటికే వేసిన క్యాసెట్‌కి ఆ రెండు నిమిషాలు తీసేసి లెక్కవేయండి.

తర్వాత పై అంచు చూడండి. లేబుల్ మీవైపు, టేపు కనిపించే నోరు కిందికి ఉండేలా పట్టుకుంటే, పై అంచులో ఎడమ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ పలక ఈ వైపు రికార్డింగ్‌కి తాళంచెవి లాంటిది. పలక ఉంటే పొరపాటున రికార్డ్ బటన్ పడితే ఉన్నది చెరిగిపోతుంది, అందుకని రెండు మూలల్లోనూ విరిచేయండి. కంపెనీ క్యాసెట్లకు ఆ పలక మొదటినుంచీ ఉండదు. అలాంటి క్యాసెట్‌కి ఆ గుంట మీద సెలో టేప్ అంటించి ఉందంటే ఎవరో కావాలనే దాని మీద ఇంకేదో రికార్డు చేశారని అర్థం. పైన అచ్చు వేసిన పాటల పేర్లు చూసి పక్కన పడేసేవి సరిగ్గా ఇవే. వీటిని అన్నిటికంటే ముందు వరసలో పెట్టండి.

వరస అంటే మూడు కుప్పలు. గొంతు ఉండే అవకాశం ఉన్నవి మొదటిది. ఇంట్లో కాపీ చేసుకున్నవి, రేడియో నుంచి పట్టుకున్నవి, కలగలుపు పాటలు రెండోది. ముట్టుకోని కంపెనీ క్యాసెట్లు మూడోది. చాలామంది మూడో కుప్పతోనే మొదలుపెడతారు, అందులో పాటలు తెలిసినవి కాబట్టి. నాలుగో క్యాసెట్‌కి ఓపిక అయిపోతుంది. కంపెనీ పాట ఇంతకంటే మంచి నాణ్యతతో ఎక్కడో దొరుకుతుంది. ఈ పాట అయ్యాక ఆ పాట రావడం, సైడ్ ఏ చివర పాట రెండో చరణంలో తెగిపోవడం, రేడియో అనౌన్సర్ సగం మాట అతుక్కుని ఉండటం వేరే ఎక్కడా దొరకదు. పక్క సీట్లో పెరిగిన పిల్లల చెవికి గుర్తుండేది ఆ వరసే. ఒక పాట ముగుస్తుండగానే తర్వాతి పాట మొదలు బుర్రలో మోగుతుంది చూడండి, అది ఆ క్యాసెట్ నేర్పిందే. అమ్మానాన్నల కాలం పాటలు పిల్లల్లో ఎంత లోతుగా దిగుతాయో చూపిన పరిశోధన కూడా ఉంది. కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 2013లో ప్రచురించినదాంట్లో, ఇరవై ఏళ్ల వయసువాళ్లకు తమ సొంత కాలం పాటలతో పాటు తల్లిదండ్రుల యౌవనం నాటి పాటలతోనూ జ్ఞాపకాలు ప్రత్యేకంగా ముడిపడి ఉన్నాయని తేలింది.

ఇక మీ క్యాసెట్ ఎందుకు అలా వినిపించిందో చూద్దాం. మందంగా రావడం, ఆగిపోవడం రెండు వేర్వేరు రోగాలు. మందంగా రావడానికి కారణాలు మూడు. హెడ్ (టేపు మీది శబ్దాన్ని చదివే భాగం) మీద మురికి, హెడ్ వాలు సరిపోకపోవడం, క్యాసెట్‌లో ఒత్తే ముక్క ఊడిపోవడం. మూడోది కళ్లతోనే తెలుస్తుంది. క్యాసెట్ నోటి మధ్యలో, టేపు వెనక, సన్నటి రాగిరంగు స్ప్రింగు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉండాలి. అది టేపుని హెడ్‌కి ఆనించి ఉంచుతుంది. ఏళ్ల తరబడి కారు వేడికి జిగురు ఎండిపోయి ముక్క రాలిపోతుంది. అప్పుడు పైస్థాయి శబ్దాలు ముందు పోతాయి, ధ్వని పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. రాలిన ముక్క క్యాసెట్ లోపలే దొర్లుతుంటే టేపు పట్టేస్తుంది కూడా. దాని బదులు స్పాంజి ముక్క జిగురుతో అంటించే చిట్కా కనబడుతుంటుంది, పాటించకండి. మందం ఎక్కువై టేపు మీద ఒత్తిడి పెరుగుతుంది, కారిన జిగురు టేపుకే అంటుకుంటుంది. పనికిరాని ఇంకో క్యాసెట్‌లోని స్ప్రింగుని ముక్కతో సహా మార్చడమే సరైన పని.

ఆగిపోవడానికి ఎక్కువగా రెండు కారణాలు. లోపల రీలు బిగుసుకుపోవడం, ప్లేయర్‌లో బెల్ట్ వదులవడం. రీళ్లు ఫోటో తీసేశాక పెన్సిలు దూర్చి మెల్లగా తిప్పి చూడండి. క్యాసెట్‌లో చేతికి సాఫీగా తిరిగితే తప్పు ప్లేయర్‌ది. అడుగడుగునా పట్టినట్టు ఉంటే క్యాసెట్‌ది. అలాంటప్పుడు క్యాసెట్‌ని బల్లపరుపుగా పట్టుకుని అరచేతి మీద నాలుగైదు సార్లు తట్టి, తిరగేసి మళ్లీ తట్టండి. పొరలు అంచు తప్పి ఎత్తుపల్లాలుగా చుట్టుకుని ఉంటే దీంతో సర్దుకుంటాయి. సర్దుకోకపోతే గాజు పలక మీద పెట్టి చూడండి. ఒక మూల లేచి ఊగితే షెల్, అంటే బయటి ప్లాస్టిక్ డబ్బా, వంకరపోయింది. ఎండలో మూసిన కారు డ్యాష్‌బోర్డ్ మీద వేడి 70 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. షెల్ వంగినా లోపలి టేపు పాలియెస్టర్ కాబట్టి చాలాసార్లు బాగానే ఉంటుంది. దాన్ని వేరే షెల్‌లోకి మార్చాలి.

ఈ మార్పిడి కంగారు లేకపోతే అరగంట పని. స్క్రూలున్న, బాగున్న ఇంకో క్యాసెట్ తీసుకోండి. విలువలేని దాని మీద రెండుసార్లు విప్పి బిగించి చేయి తిప్పుకోండి. తెల్లగుడ్డ పరిచి, క్యాసెట్‌ని స్క్రూ తలలు పైకి వచ్చేలా పడుకోబెట్టి, అయిదు స్క్రూలూ విప్పి పై సగాన్ని నిటారుగా లేపండి. పలచటి ప్లాస్టిక్ కాగితం ఒకటి పై సగానికి అతుక్కుని వస్తుంది, దాన్ని వదలకండి, రీళ్లు సాఫీగా తిరిగేది దాని వల్లే. ఇప్పుడు టేపు దారి ఫోటో తీయండి. ఎడమ రీలు, మూలన చిన్న రోలర్, ఫెల్ట్ ముక్క ముందునుంచి, కుడి రోలర్, కుడి రీలు. రెండు రీళ్లనూ రెండు చేతులతో ఒకేసారి ఎత్తాలి. ఒకటి ఎత్తి రెండోదాని కోసం చూసేలోపు పొరలు జారి నేలంతా టేపవుతుంది. కొత్త షెల్‌లో పెట్టాక టేపు ముఖం మారలేదని చూసుకోండి: మందు పూత (శబ్దం నిలిచే అయస్కాంత పూత) ఉన్న వైపు బయటికి, అంటే హెడ్ వైపుకి ఉండాలి. స్క్రూలు ఆనేంతవరకే బిగించండి. గట్టిగా బిగిస్తే షెల్ నొక్కుకుని మళ్లీ అదే పట్టు. స్క్రూలు లేకుండా అతికేసిన క్యాసెట్లకు పక్క అంచున ఉన్న అతుకులో సన్నటి బ్లేడు దూర్చి కొంచెం కొంచెంగా పగలగొట్టాలి. నోటి వైపు నుంచి మాత్రం మొదలుపెట్టకండి, టేపు తెగేది అక్కడే.

టేపు తెగితే సెలో టేప్ వద్దు. దాని జిగురు పక్కకి కారి పై పొరకి అంటుకుంటుంది. స్ప్లైసింగ్ టేప్ అని వేరే ఉంటుంది. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, దానికి సరిపడేది కావాలి. రెండు కొసల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి 45 డిగ్రీల వాలుగా ఒకేసారి కోసి, కొసలు ఆనించి, మందు పూత లేని వైపు అతికించాలి. నలిగి ముడతపడిన ముక్కను కోసి పారేయకండి. సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడిచే టేపులో ఐదు సెంటీమీటర్లు తీసేస్తే ఒక సెకను పైగా పోయినట్టే. గొంతు ఉన్న చోట అది ఒక మాట. వేలితో సాఫుచేసి ఉంచితే కాస్త గరగరతోనైనా వస్తుంది.

తెల్లటి నూగు లాంటిది కిటికీలోంచి కనిపిస్తే అది బూజు. దాన్ని డెక్‌లో వేస్తే మిగతా అన్నిటికీ అంటుతుంది. వేరే సంచిలో విడిగా ఉంచి, పొడిగా ఆరనిచ్చి, మాస్కు పెట్టుకుని ఆరుబయట విప్పి, పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. తొంభై నిమిషాల క్యాసెట్ల దగ్గర కూడా కొంచెం నెమ్మది. సి-60, అంటే అరవై నిమిషాల క్యాసెట్, టేపు మందం దాదాపు 16 నుంచి 18 మైక్రాన్లు, సి-90ది దాదాపు 12. సి-120 ఇంకా పలచన, చుట్టుకుపోయేవాటిలో మొదటిది అదే.

ప్లేయర్ సంగతి. యూఎస్‌బీ తీగతో నేరుగా కంప్యూటర్‌కి తగిలించే చేతిలో పట్టే చిన్న ప్లేయర్లు ఈ పనికి పనికిరావు. వాటిలో వేగం నిలకడగా ఉండదు, హెడ్ వాలు దిద్దుకునే వీలుండదు. అదే కారు స్టీరియోని తీసి వాడాలన్న ఆలోచన మనసుకి బాగుంటుంది గానీ దానికీ ఇవే ఇబ్బందులు. బెల్ట్ మార్చిన, ఇంట్లో వాడే మామూలు క్యాసెట్ డెక్ చాలు. హెడ్‌నీ, పక్కన తిరిగే సన్నటి లోహపు కడ్డీనీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో, పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడవండి. రబ్బరు రోలర్‌కి కొద్దిగా సబ్బునీళ్లు చాలు, పూర్తిగా ఆరాకే టేపు పెట్టండి. ప్రతి రెండు మూడు క్యాసెట్లకు ఒకసారి, బూజుదైతే ప్రతిదానికీ, ఇదే పని. తుడిచాక ఒక్కో క్యాసెట్‌నీ ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా చుట్టి ఆ తర్వాతే ప్లే చేయండి. ఏళ్లుగా కదలని పొరలు విడివడి బిగువు సమమవుతుంది.

హెడ్ వాలు, దీన్నే అజిమత్ అంటారు, దిద్దడం అన్నిటికంటే ఎక్కువ లాభం ఇచ్చే పని. చాలామంది వదిలేసేదీ ఇదే. టేపు మీద గీత రాసిన హెడ్ ఏ వాలులో ఉందో, చదివే హెడ్ కూడా అదే వాలులో ఉండాలి. లేకపోతే పైస్థాయి శబ్దాలు మాయమవుతాయి. హెడ్‌కి ఒక పక్క స్ప్రింగు మీద కూర్చున్న స్క్రూ ఉంటుంది. రెండో పక్కది కదలకుండా బిగించినది, దాన్ని ముట్టుకోకండి. డెక్ తలుపు పై మూత తీస్తే ప్లే అవుతుండగానే స్క్రూడ్రైవర్ అందుతుంది. అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవర్ వాడండి. మొదటి స్థానానికి రంగుతో చుక్క పెట్టుకోండి. ధ్వనిని మోనోలో వింటూ, స్క్రూని ఒక చుట్టులో ఎనిమిదో వంతు అటూ ఇటూ తిప్పండి. తాళాలు, ‘స’, ‘శ’ అక్షరాలు ఒక చోట ఒక్కసారిగా తేటపడతాయి, దాటితే మళ్లీ మసకబారతాయి. తేటపడిన చోటే ఆ క్యాసెట్ వాలు. సైడ్ బీకి మళ్లీ చూడాలి, ఇంకో క్యాసెట్‌కి మళ్లీ చూడాలి. కంప్యూటర్‌లో ఎక్కాక ఈక్వలైజర్‌తో దీన్ని తేవడం కుదరదు, ఎక్కని శబ్దాన్ని పెంచలేం.

టేపు బుస్సుమనే శబ్దాన్ని తగ్గించే డాల్బీ బటన్ గురించి ఒక్క మాట. అట్ట మీద డాల్బీ బి అని ఉంటే, వాలు దిద్దాక, వేయండి. ఏమీ రాసి లేకపోతే ఆపి ఉంచండి. చవక కారు స్టీరియోల్లో డాల్బీ ఉండేది కాదు, అందుకని డాల్బీతో రికార్డయిన టేపు కారులో కాస్త ఎక్కువ మెరుపుతో, బుస్సుమనే శబ్దంతో మోగేది. డాల్బీ వేసి వింటే ‘నాన్న కారులో ఇలా ఉండేది కాదే’ అనిపిస్తుంది. ఆ అనిపించడం నిజమే. కావాలంటే అది లేకుండా రెండో కాపీ తీసుకోండి.

డెక్ లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే చిన్న పెట్టె) లైన్ ఇన్‌కి తీగ వేయండి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రానికి కాదు, అది ఎక్కువగా మోనో, పైగా చిన్న మైకు సిగ్నల్ కోసం చేసింది. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అందులో పెట్టాల్సిన సెట్టింగులు: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, డబ్ల్యూఏవీ ఫైలు. అత్యంత గట్టి చోట మీటరు -6 డెసిబెల్స్ దాటకుండా సర్దండి. అరవై నిమిషాల క్యాసెట్ దాదాపు 1 గిగాబైట్ అవుతుంది, తర్వాత ఫ్లాక్ అనే రకం ఫైలులోకి మారిస్తే నాణ్యత తగ్గకుండానే చాలా చిన్నదవుతుంది. వైపుకొక ఫైలు, ముందు ఖాళీ టేపు నుంచి చివరి ఖాళీ టేపు దాకా, మధ్యలో ఆపకుండా. పాట అయిపోయి నిశ్శబ్దం వచ్చిందని ఆపేస్తే పొరపాటే. రికార్డర్ బాగుందో లేదో చూడటానికి చివర మిగిలిన రెండు నిమిషాల్లో ‘హలో హలో’ అని చూసిన మనుషులు అన్ని ఇళ్లలోనూ ఉంటారు.

గొంతు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. కారు స్టీరియోకి మామూలుగా రికార్డింగ్ ఉండదు. కాబట్టి గొంతు ఉందంటే అది ఇంట్లోనో, చేత్తో కారులోకి తెచ్చుకున్న చిన్న రికార్డర్‌లోనో పడింది. బ్యాటరీ తగ్గిపోతుండగా పడితే అప్పుడు టేపు మెల్లగా నడిచింది, ఇప్పుడు సరైన వేగంతో వేస్తే గొంతు సన్నగా, గబగబా వస్తుంది. చివరికొచ్చేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. ‘నాన్న గొంతు ఇది కాదు’ అనుకుని పక్కన పెట్టేసేది చాలాసార్లు ఇందువల్లే. కరెంటు మీద నడిచిన రికార్డర్ అయితే సరిచేయడానికి కొలబద్ద టేపులోనే ఉంటుంది, కరెంటు గుయ్‌మనే హోరు. అది ఆ దేశాన్నిబట్టి 50 లేదా 60 హెర్ట్జ్. స్పెక్ట్రమ్ చూపించే పటంలో 50 ఉండాల్సిన చోట 53 దగ్గర మొన కనిపిస్తే, టేపు ఆరు శాతం వేగంగా ఉందన్నమాట. సంగీతం లెక్కలో ఒక స్వరస్థానం ఎత్తు. 53ని 50కి దించేలా వేగం తగ్గిస్తే గొంతు తన చోటికి వస్తుంది. పిచ్‌ని మాత్రమే మార్చే ఎఫెక్ట్ వాడకండి, వేగమూ పిచ్చూ కలిసి మారాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. మీ డెక్ హోరు కూడా సరిగ్గా 50 దగ్గరే ఉంటుంది. టేపు ఆపి అరనిమిషం రికార్డు చేసి చూస్తే ఏది ఎవరిదో తెలుస్తుంది. బ్యాటరీ మీద, బయట పడినదాంట్లో హోరు ఉండదు. అప్పుడు వెనక వినిపించే తెలిసిన పాటో, హార్మోనియం శ్రుతో ఆధారం.

పాత చిన్న రికార్డర్లు మోనో. మోనోది స్టీరియో డెక్‌లో ఎక్కించాక, వాలు కుదిరి ఉంటే, రెండు చానళ్లనూ కలిపితే రొద దాదాపు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక చానల్‌లో ధ్వని తెగిపోతుంటే కలపకుండా బాగున్న చానల్‌నే ఉంచండి. కారులో పడిన గొంతుకి ఇంజిను హోరు కింది స్థాయిలో ఉంటుంది. 80 హెర్ట్జ్ కింద కోసేస్తే మాట తేటపడుతుంది. రొద తగ్గించే ఫిల్టరు 6 డెసిబెల్స్ మించి వేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. ఇండికేటర్ టిక్‌టిక్‌లు, గేరు మార్పు, అద్దం దించిన గాలి, వీటిని శుభ్రం చేయకండి. మాటకి కాస్త ముందే అదే మాట నీడలా వినిపిస్తే భయపడకండి. పక్క పొర అయస్కాంతం ఈ పొరకి అంటుకోవడం అది, వేడిలో ఉన్న టేపుల్లో ఎక్కువ. ఈ దిద్దుబాట్లన్నీ కాపీ మీదే. ఎక్కించిన మూల ఫైలుని ముట్టుకోకుండా రెండు వేర్వేరు చోట్ల దాచండి.

ఆన్‌లైన్‌లో దొరికే అదే పాట ‘కాస్త మెల్లగా ఉంది’ అనిపిస్తే, కారు స్టీరియో రెండు మూడు శాతం వేగంగా నడిచేదేమో. పాట తెగిన చోటూ, వరసా అలాగే ఉంచి, 2 శాతం వేగం పెంచి ఒక వినే కాపీ చేసుకుని చూడండి. చెవి వెంటనే చెప్పేస్తుంది.

ఇక ఆయన కారు నడిపిన దారి. సి-60లో ఒక వైపు 30 నిమిషాలు. గంటకు 40 కిలోమీటర్ల సగటున ఒక వైపు అయ్యేసరికి 20 కిలోమీటర్లు. వంతెన దాటుతుండగా ఫలానా పాట వచ్చేదని గుర్తుంటే, ఫైలులో ఆ పాట నిమిషం చూసి, ఇంటి నుంచి వంతెన దూరంతో పోల్చండి. కుదిరితే క్యాసెట్ బయల్దేరినప్పుడే వేసేవారన్నమాట, కుదరకపోతే దారిలో మార్చేవారు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఉంటే కలిసి వినకముందు ఒక్కొక్కరితో విడిగా రాయించండి: ఏ పాట తర్వాత ఏది, ఎక్కడ, ఆయన ఏ ముక్క దగ్గర కూనిరాగం తీసేవారు, ఏది ముందుకి తిప్పేసేవారు. ఒకరి మాట వింటే రెండోవారి జ్ఞాపకం దానివైపు జరిగిపోతుంది. నలుగురి కాగితాలూ వచ్చాక ఫైలు వేయండి. ముందుకి తిప్పేసేవారన్న పాట దగ్గర టేపు కొత్తగా, గరగర లేకుండా ఉండే అవకాశం ఉంది. పదేపదే వెనక్కి తిప్పి విన్న చోట ధ్వని మిగతా చోట్లకంటే అరిగి, కాస్త మసకగా ఉండొచ్చు. ఆ నిమిషాలు కూడా రాసుకోండి.

ఎక్కించాక క్యాసెట్లు పారేయకండి. చివరిదాకా ప్లే చేసి, మధ్యలో ఆపకుండా ఒక వైపుకి చుట్టి, పెట్టెల్లో నిలువుగా, స్పీకర్లకు దూరంగా, చల్లగా పొడిగా ఉన్న అరలో పెట్టండి. వాలు దిద్దిన స్క్రూని రంగు చుక్క దగ్గరికి తిప్పడం మరిచిపోవద్దు, లేకపోతే తర్వాత వేసే మంచి క్యాసెట్ కూడా దుప్పటి కప్పుకునే పాడుతుంది.